పదిహేనో రౌండు

గుర్రపు వెంట్రుకలు కూరిన పాత బాక్సింగ్ గ్లోవ్స్ జత అటక మీంచి దింపితే ముందు ముక్కుకి తగిలేది ముక్కిపోయిన వాజలీన్ వాసన. దాని వెనకాలే చెమట ఉప్పు. తోలు వాసన ఆఖర్న వస్తుంది. వానాకాలంలో వీటికి బూజు పడుతుంది కాబట్టి ఆగస్టులో ఒకసారి బయటికి తీసి ఆరబెట్టక తప్పదు. ఎండలో పెట్టకూడదు, తోలు పెళుసెక్కి బొటనవేలి దగ్గర కుట్లు విచ్చుకుంటాయి. లోపల పాత పేపరు ఉండలు కుక్కి నీడన గాలికి వదిలెయ్యాలి, పూటకోసారి పేపరు మార్చాలి. ఆ వాసనా, ఆగస్టు 12వ తేదీ ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఆ తేదీన మెక్సికో బాక్సర్ సాల్వడోర్ సాంచెజ్ పోయాడు.

1982లో. అప్పటికి అతనికి 23 ఏళ్ళు. ఆడినవి 46 పోటీలు. 44 గెలిచాడు, ఒకటి ఓడాడు, ఒకటి సమం. గెలిచిన వాటిలో 32 నాకౌట్లు. మెక్సికో బాక్సింగ్ అంటే ఇవాళ ఎవరైనా జూలియో సీజర్ చావెజ్ పేరే చెబుతారు, చెప్పాల్సిందే. అయితే చావెజ్ కులియకాన్‌లో తన మొట్టమొదటి ప్రొఫెషనల్ పోటీకి దిగింది 1980 ఫిబ్రవరి 5న. దానికి మూడు రోజుల ముందే సాంచెజ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాతి రెండున్నరేళ్ళు ఆ దేశానికి ముద్దుబిడ్డ ఇతనే. సాల్వడోర్ అన్న పేరున్న ప్రతి పిల్లాణ్నీ అక్కడ చావా అని పిలుస్తారు, మనం సుబ్రహ్మణ్యాన్ని సుబ్బు అన్నట్టు. ఇతనూ అందరికీ చావానే.

*

ఇప్పటి పిల్లలకి ముందు 15 రౌండ్లంటే ఏమిటో చెప్పాలి. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన బౌట్లు మూడేసి రౌండ్లవి. రౌండు మూడు నిమిషాలు. కొట్లాట మొత్తం తొమ్మిది నిమిషాలు. అందులో మొదటి సెకను నుంచే ఉన్నదంతా బయట పెట్టాలి, దాచుకుంటే ఓటమే. సాంచెజ్ కాలంలో ప్రపంచ టైటిల్ పోటీకి 15 రౌండ్లు. 45 నిమిషాల దెబ్బలాట, మధ్యలో 14 నిమిషాల విరామం, అన్నీ కలిపి 59 నిమిషాలు. ఆ రెండూ వేర్వేరు విద్యలు. పొద్దున్నే అరక కట్టినవాడు మొదటి సాళ్ళలోనే ఎద్దుల్ని పరిగెత్తిస్తాడా? సాయంత్రానికి ఎంత చేను మిగిలి ఉంటుందో అతనికి తెలుసు. సాంచెజ్‌కి ఆ లెక్క పుట్టుకతో వచ్చినట్టుండేది.

అతను ఆడిన ప్రపంచ టైటిల్ పోటీలు పది. ఎనిమిదో రౌండు కంటే ముందు ముగిసింది ఒక్కటీ లేదు. ఆరు పోటీలు పదిహేనో రౌండులో అడుగుపెట్టాయి. ఒకటి పద్నాలుగులో, ఒకటి పదమూడులో, ఒకటి పదిలో అయిపోయాయి. ఎనిమిదిలో తేలింది ఒకే ఒక్కటి, దాని సంగతి తర్వాత.

*

మా బోటి వాళ్ళకి చావా దొరికింది వీడియో క్యాసెట్లలోనే. అమెరికాలో ఎవరో టీవీ నుంచి రికార్డు చేసి, దాని నుంచి ఇంకొకరు కాపీ తీసి, ఆ కాపీకి కాపీ సూట్‌కేసులో చీరల మధ్య మన దేశం చేరేది. టీ-120 అని రాసి ఉండే టేపు మామూలు వేగంలో రెండు గంటలే నడుస్తుంది. ఒక పోటీకి అది చాలు. కానీ పిసినారులు నెమ్మది వేగంలో పెట్టి ఆరు గంటలు రికార్డు చేసేవాళ్ళు, నాలుగైదు పోటీలు పడతాయని. అలాంటి టేపులో బొమ్మ అలుక్కుపోయి, గుద్దు తగిలిందో లేదో చప్పుడుని బట్టి తెలుసుకోవలసి వచ్చేది. పైగా అమెరికా పద్ధతి వేరు, మన టీవీల పద్ధతి వేరు. మల్టీ సిస్టమ్ వీసీఆర్ లేకపోతే బొమ్మ పైకి దొర్లుతూనే ఉండేది. అది ఉన్నా టీవీ ఒప్పుకోకపోతే రంగు వచ్చేది కాదు. దాంతో చాలామందికి చావా తెలుపు నలుపుల్లోనే గుర్తు. నిక్కరు రంగేమిటో తెలీదు, ఆ ఉంగరాల జుట్టు మాత్రం తెలుసు. తల నిండా ఒత్తుగా గుబురుగా ఉండేది. నుదుటి మీద దెబ్బ తగిలితే జుట్టులోంచి చెమట దీపాల వెలుతురులో గొడుగులా లేచేది. అది మాత్రం ఎంత పాడైన టేపులోనైనా కనిపించేది.

*

పుట్టింది 1959 జనవరిలో, మెక్సికో సిటీకి పడమరగా ఉన్న సాంతియాగో తియాంగిస్తెంకో అనే ఊళ్ళో. తియాంగిస్ అంటే వారపు సంత. ఊరి పేరుకి అక్కడి పాత నహువాత్ల్ భాషలో సంత అంచున ఉన్న చోటు అని అర్థం. ఇప్పటికీ ఆ ఊరికి మంగళవారం సంతే పెద్ద పేరు. పక్కనే ఉన్న గ్వాలుపీత ఉన్ని స్వెటర్లకి ప్రసిద్ధి. ఉన్ని ఎందుకంటే అక్కడ చలి అలాంటిది. సముద్రమట్టానికి దాదాపు 2,600 మీటర్ల ఎత్తు. మన అరకు 900 చిల్లరే, దానికి మూడింతలు అనుకోండి.

ఆ ఎత్తు సంగతి ఊరికే చెప్పడం లేదు. గాలి పలచగా ఉన్నచోట పెరిగి, అక్కడే పరుగెత్తినవాడి రక్తానికి ప్రాణవాయువుని మోసే శక్తి ఎక్కువుంటుంది. కింద నుంచి అక్కడికి సాధనకి వెళ్ళేవాడికి మొదటి వారం తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మామూలు పరుగుకే రొప్పు. రెండు మూడు వారాలకి గానీ ఒళ్ళు అలవాటుపడదు. తీరా అలవాటయ్యాక కిందికి వచ్చి ఎక్కువ రోజులు కూర్చుంటే ఆ లాభం కాస్తా కరిగిపోతుంది. అక్కడే పుట్టి పెరిగినవాడికి ఈ బాధలేవీ లేవు. పదమూడో రౌండులో అవతలివాడు నోరు తెరిచి గాలి మింగుతుంటే చావా పెదాలు మూసుకుని ముక్కుతోనే పీల్చేవాడు. ప్రత్యర్థికి అది చూడటమే సగం దెబ్బ.

పదహారేళ్ళకే ప్రొఫెషనల్ అయ్యాడు. అమెచ్యూర్‌గా ఆడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మెక్సికోలో అప్పుడు అదే రివాజు. పతకాల కోసం ఏళ్ళు గడిపే తీరిక ఆ ఇళ్ళలో ఉండదు, నాలుగు రౌండ్ల పోటీ ఆడితే ఎంతో కొంత చేతికొస్తుంది. పాఠాలన్నీ డబ్బు తీసుకుంటూనే నేర్చుకోవాలి. అలా నేర్చుకున్న పాఠాల్లో గట్టిది 1977లో మజత్లాన్‌లో తగిలింది. ఖాళీగా ఉన్న జాతీయ బాంటమ్‌వెయిట్ టైటిల్ కోసం ఆంతోనియో బెసెర్రాతో 12 రౌండ్లు. ఇద్దరు న్యాయనిర్ణేతలు బెసెర్రా అన్నారు, ఒకరు సాంచెజ్ అన్నారు. జీవితంలో ఓడింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత 118 పౌండ్ల తరగతి వదిలి 126 పౌండ్ల ఫెదర్‌వెయిట్‌కి మారాడు. అంటే 57 కిలోలు, పైన ఒక పిసరు. పెరుగుతున్న కుర్రాణ్ని ఎండబెట్టి చిన్న తరగతిలో కుక్కితే మొదట పోయేది కాళ్ళు. కాళ్ళు లేని సాంచెజ్ ఉత్త అందగాడే.

*

ఫీనిక్స్‌లో 1980 ఫిబ్రవరి 2. చావాకి 21 నిండి వారం రోజులు. ఎదురుగా డానీ లోపెజ్, ఎర్రజుట్టు వల్ల లిటిల్ రెడ్ అని పిలిచేవాళ్ళు. ఎనిమిదిసార్లు టైటిల్ నిలబెట్టుకున్నవాడు. కిందపడి లేచి మరీ అవతలివాణ్ని పడగొట్టడం అతని అలవాటు. అమెరికా టీవీవాళ్ళకి లోపెజ్ అంటే ప్రాణం, ఎందుకంటే అతని పోటీ ఎన్నడూ చప్పగా ఉండదు. ఈ మెక్సికో కుర్రాడెవరో చాలామందికి తెలీదు.

ఆ పోటీలో ఒక్క కదలిక చూస్తే సాంచెజ్ మొత్తం అర్థమవుతుంది. లోపెజ్ నిటారుగా ముందుకి వస్తూ ఎడమ చేత్తో జాబ్, అంటే తిన్నగా చాచే గుద్దు, వేస్తాడు. సాంచెజ్ బరువు వెనక కాలి మీద ఉంటుంది, మోకాలు కొద్దిగా వంగి, మడమ నేలకి ఆనీ ఆనకుండా. జాబ్ వస్తుండగా పాదాలు కదపడు, నడుము పైభాగాన్ని మాత్రం నాలుగు వేళ్ళంత వెనక్కి తీస్తాడు. గ్లోవ్ ముక్కు ముందు ఆగిపోతుంది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళే దారిలోనే, దాని మీదుగా సాంచెజ్ కుడి చెయ్యి దూరుతుంది. కణత మీద, లేదంటే చెంప ఎముక మీద. కుడి తగిలిన మరుక్షణం ఎడమ హుక్, అంటే పక్క నుంచి వంపు తిరిగొచ్చే గుద్దు. అక్కడ నిలబడి తన పనితనం చూసుకోడు. ముందు పాదం పక్కకి, వెనక పాదం దాన్ని అనుసరిస్తూ, కాళ్ళు ఎక్కడా కత్తెర పడకుండా జరిగిపోతాడు. లోపెజ్ బదులు గుద్దు వేసే సమయానికి అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదు.

చూడటానికి ఎంత తేలికో చెయ్యడానికి అంత ప్రమాదం. కొత్తవాళ్ళు ఇది అనుకరించి దెబ్బలు తింటారు. వాళ్ళు చేసే తప్పు ఒకటే, మోకాళ్ళు బిగించి వెనక్కి వాలతారు. మోకాలు బిగిస్తే ఇక వెనక్కి చోటుండదు, అవతలివాడి రెండో గుద్దుకి గడ్డం సిద్ధంగా నిలబడి ఉంటుంది. ఇంకొకటి, కుడి చెయ్యి వదిలేటప్పుడు ఎడమ చెయ్యి ఛాతీ దాకా జారిపోతుంది. సాంచెజ్ ఎడమ గ్లోవ్ ఎప్పుడు చూసినా చెంప పక్కనే ఉంటుంది. టేపు ఆపి ఆపి చూడండి, రాత్రంతా అది జారింది ఏ నాలుగైదుసార్లో.

పదమూడో రౌండులో రిఫరీ ఆపేశాడు. లోపెజ్ కళ్ళు అప్పటికే వాచి చీలికల్లా అయ్యాయి. జూన్‌లో లాస్‌వేగాస్‌లో మళ్ళీ తలపడ్డారు. పద్నాలుగో రౌండులో మళ్ళీ అదే. లోపెజ్ ఆ రోజుతో చాలాకాలం రింగ్ వదిలేశాడు.

*

ఈ గ్లోవ్స్ సంగతి. మెక్సికోలో చేసే గుర్రపు వెంట్రుకల గ్లోవ్స్‌కి గుద్దేవాడి గ్లోవ్స్ అని పేరు. నురుగు కూరిన గ్లోవ్ మొదటి రౌండుకీ ఆఖరి రౌండుకీ పెద్ద తేడా చూపించదు. వెంట్రుకలు అలా కాదు. చెమట తాగి, గుద్దు గుద్దుకీ అణిగి, కణుపుల మీంచి పక్కలకి తప్పుకుంటాయి. పదో రౌండు దాటేసరికి చర్మానికీ కణుపులకీ మధ్య మిగిలేది పలచని పొర. అందుకే ఆ రోజుల్లో ఆఖరి రౌండ్ల గుద్దులకి అంతగా చర్మం చిట్లేది. దెబ్బ తినేవాడికే కాదు, కొట్టేవాడి చేతికీ రక్షణ తగ్గుతుంది. లోపల కట్టు సరిగ్గా లేకపోతే అరచేతి ఎముక విరుగుతుంది.

ఆ కట్టు కట్టడం ఓ చిన్న క్రతువు. రెండంగుళాల వెడల్పు గాజుగుడ్డ, చేతికి పది పన్నెండు గజాలు పడుతుంది. ముందు మణికట్టు చుట్టూ మూడు చుట్లు. తర్వాత బొటనవేలిని పట్టుకుని అరచేతి మీదుగా, మళ్ళీ మణికట్టుకి. కణుపుల మీద గుడ్డని మడతలు మడతలుగా మెత్తలా పరిచి, దాన్ని చుట్లతో బంధించాలి. ఆ పైన అంగుళం టేపు, వేళ్ళ సందుల్లోంచి సన్నటి పేలికలు. కణుపుల మీదకి టేపు రాకూడదు, అది నియమం. కట్టేటప్పుడు వేళ్ళు బాగా చాపి ఉంచమంటారు. పిడికిలి బిగించినప్పుడు కట్టు బిగుసుకోవాలి, చెయ్యి తెరిచినప్పుడు రక్తం ఆడాలి. చాపకుండా కట్టించుకుంటే మూడో రౌండుకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మరీ వదులైతే మెత్త జారి చిటికెన వేలి వైపు పోతుంది, ఎముక విరిగేది ఎక్కువగా అక్కడే. అంతా అయ్యాక ప్రత్యర్థి వైపు మనిషి వచ్చి వేలితో నొక్కి చూస్తాడు, అధికారి పైన సంతకం గీస్తాడు. ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. టేపు చింపే చప్పుడే వినిపిస్తుంటుంది.

*

కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య బాక్సర్ కూర్చునే రింగు మూలలో, విరామం 60 సెకన్లని పేరు. బాక్సర్ నడిచొచ్చి కూర్చునేసరికి ఓ ఐదారు పోతాయి. పది సెకన్లు ఉందనగానే ఈల, స్టూలు తీసెయ్యాలి. చేతికి మిగిలేది 40, మహా అయితే 45. మొదట నోట్లోంచి మౌత్‌పీస్ తీసి నీళ్ళలో కడగాలి. పది సెకన్ల పాటు అతనితో ఎవరూ ఏమీ మాట్లాడకూడదు, ఊపిరి తీసుకోనివ్వాలి. నడుము దగ్గర నిక్కరు పట్టీ లాగి పట్టుకుంటే పొట్ట నిండా గాలి వెళ్తుంది. మెడ వెనక ఐసు. నీళ్ళు ఒక గుక్క, పుక్కిలించి ఉమ్మడానికి ఇంకొకటి. దాహమేస్తోందని గడగడా తాగనిస్తే మరుసటి రౌండులో డొక్కలో దెబ్బ పడ్డప్పుడు తెలుస్తుంది.

కన్ను వాస్తుంటే ఐసులో ఉంచిన ఇనుప బిళ్ళని వాపు మీద బల్లపరుపుగా ఆన్చి గట్టిగా అదిమి పట్టాలి. రుద్దకూడదు. రుద్దితే లోపలి రక్తం కనురెప్పలోకి పాకి కన్ను ఇంకా త్వరగా మూసుకుంటుంది. తెగితే ముందు శుభ్రంగా తుడిచి, అడ్రినలిన్ ద్రావణంలో ముంచిన దూది పుల్లని గాయం లోపల పెట్టి వేలితో నొక్కి ఉంచాలి. అరక్షణానికోసారి తీసి చూసేవాడు కార్నర్‌కి పనికిరాడు. ఆఖర్న వాజలీన్. కనుబొమలు, ముక్కుదూలం, చెంప ఎముకలు. పలచగా పుయ్యాలి, ఎక్కువైతే రిఫరీ తువ్వాలు తెమ్మంటాడు. ఇవన్నీ అయ్యాక మిగిలిన పది సెకన్లలో చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. రెండు చెబితే రెండూ గుర్తుండవు.

సాంచెజ్ కార్నర్‌లో శిక్షకుడు ఎన్రికే హుయెర్తా ఉండేవాడు. టేపుల్లో ఆ కార్నర్ చూస్తే ముచ్చటేస్తుంది. అరుపుల్లేవు, చెంపలు వాయించడాల్లేవు. కుర్రాడు బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చునేవాడు.

*

ఎనిమిదో రౌండులో తేలిన పోటీ. 1981 ఆగస్టు 21, లాస్‌వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్. ఎదురు వచ్చింది ప్వెర్టోరికో వీరుడు విల్‌ఫ్రెడో గోమెజ్. మొదటి పోటీ సమం, ఆ తర్వాత ఆడిన 32 పోటీల్లో 32 నాకౌట్లు. కింది తరగతి 122 పౌండ్లలో చాంపియన్, నాలుగు పౌండ్లు పైకి ఎక్కి ఇతని బెల్టు కూడా కావాలన్నాడు. పందేలు గోమెజ్ వైపే మొగ్గాయి. మాటల యుద్ధమూ అతనిదే. చావా పెద్దగా బదులు చెప్పలేదు. మెక్సికోవాళ్ళ మరియాచి పాటలు ఒకవైపు, ప్వెర్టోరికోవాళ్ళ సల్సా పాటలు ఇంకోవైపు. రెండు తిరనాళ్ళు ఒకే పందిట్లో పెట్టినట్టుంది.

అప్పట్లో తూకం పోటీ రోజునే. ఇప్పటిలా ముందురోజు తూచి, రాత్రంతా తిని తాగి నాలుగైదు కిలోలు పెంచుకునే వీలు లేదు. కాబట్టి ఆఖరి రోజుల్లో ఒళ్ళు ఎండబెట్టుకున్నవాడు దాహంతోనే రింగెక్కాలి. గోమెజ్ బరువు దించుకోవడానికి నానా తంటాలు పడ్డాడని చెప్పుకున్నారు.

మొదటి నిమిషం గడవకుండానే గోమెజ్ నేల మీద ఉన్నాడు. కుడి చెయ్యి, వెంటనే ఎడమ హుక్. లేచాడు, ఆ రౌండు ఎలాగో గట్టెక్కాడు. పైగా మధ్య రౌండ్లలో ఎదురుతిరిగి కొట్టాడు కూడా, అది ఒప్పుకోవాలి. ముఖం ఒకవైపు ఉబ్బిపోయి, కళ్ళు మూసుకుపోతున్నా ముందుకే వచ్చాడు. సాంచెజ్ మాత్రం మొదటి రౌండులో పడగొట్టినవాణ్ని రెండో రౌండులో ముగించాలని మీద పడలేదు. వేరే ఏ చాంపియన్ అయినా పడేవాడే. ఖాళీగా పోయిన గుద్దు తగిలిన గుద్దు కంటే ఎక్కువ అలుపు తెస్తుంది, ఎందుకంటే దాన్ని ఆపుకోవడం కూడా మన భుజమే చెయ్యాలి. చావాకి ఆ పొదుపు తెలుసు. ఎనిమిదో రౌండులో గోమెజ్ తాళ్ళ మధ్య కూలబడ్డాడు.

*

తర్వాత ఇంగ్లండు మనిషి పాట్ కౌడెల్‌తో హ్యూస్టన్‌లో 15 రౌండ్లు. చిక్కుముడి లాంటి ఆటగాడు కౌడెల్. ఆఖరి రౌండులో అతన్ని పడగొట్టినా ఒక న్యాయనిర్ణేత కౌడెల్‌కే వేశాడు. డాలస్‌లో రాకీ గార్సియాతో ఇంకో 15. ఆ రెంటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. సాంచెజ్ బాగా ఆడని రాత్రులు కూడా ఉన్నాయి, అలాంటప్పుడు కూడా పదో రౌండు తర్వాత అతనిదే పైచెయ్యి.

1982 జులై 21న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రావలసింది కొలంబియా మనిషి మారియో మిరాండా. అతను తప్పుకుంటే బదులుగా ఘనా నుంచి ఒక కుర్రాణ్ని తెచ్చారు. పేరు అజుమా నెల్సన్. 13 పోటీలు ఆడి 13 గెలిచాడు, కానీ గార్డెన్‌లో కూర్చున్న జనానికి అతనెవరో తెలీదు. చాంపియన్‌కి ఒక మామూలు సాయంత్రం అనుకున్నారు.

నెల్సన్ ఎక్కడా వెనక్కి తగ్గలేదు. సాంచెజ్ వెనక్కి వాలితే ఇతను ఇంకో అడుగు లోపలికి వచ్చి రెండో గుద్దు, మూడో గుద్దు వేసేవాడు. ఆ వాలడానికి విరుగుడు అదే. ఏడో రౌండులో సాంచెజ్ పడగొట్టాడు, నెల్సన్ లేచి మళ్ళీ అదే జోరు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. టేపులో ఆ రౌండ్ల దగ్గర వ్యాఖ్యాతల గొంతు మారిపోతుంది. ఎవరు ముందున్నారో ఎవరికీ ధీమా లేదు.

పదిహేనో రౌండు గంట మోగింది. ఇద్దరూ మధ్యకి వచ్చి గ్లోవ్స్ తాకించుకున్నారు. యాభై ఆరు నిమిషాలు గడిచాక కూడా సాంచెజ్ మునివేళ్ళ మీదే ఉన్నాడు. నెల్సన్ కాళ్ళు మొదటిసారి బల్లపరుపుగా నేలకి ఆనాయి, చేతులు ఒక అంగుళం కిందికి వచ్చాయి. చూసేవాడికి కనపడని అంగుళం. చావాకి కనపడింది. వరసగా గుద్దులు పడ్డాయి, నెల్సన్ పడ్డాడు. లేచాడు. సాంచెజ్ మళ్ళీ మీదకి వెళ్ళాడు, రిఫరీ మధ్యలోకి దూరాడు. రౌండు మొదలై ఒక నిమిషం 49 సెకన్లు. ఇంకో 71 సెకన్లు నిలబడి ఉంటే నెల్సన్ కథ న్యాయనిర్ణేతల కాగితాల మీద తేలేది.

ఆ తర్వాత సాంచెజ్ రింగెక్కలేదు.

*

అంతకుముందు తన చేతిలో ఓడిన హువాన్ లాపోర్తెతో సెప్టెంబరులో రెండోసారి పోటీ ఖాయమైంది. సాధన శిబిరం గ్వానహువాతో రాష్ట్రంలో, సాన్ హోసే ఇతుర్బీదె అనే చిన్న ఊళ్ళో. శిబిరం రోజులన్నీ ఒకేలా ఉంటాయి. చీకటితో లేచి పరుగు, టిఫిను, నిద్ర, మధ్యాహ్నం జిమ్. 15 రౌండ్ల పోటీకైతే జిమ్‌లో తాడాట, సంచి, స్పారింగ్ అనే సాధన పోటీలు అన్నీ కలిపి రోజుకి పన్నెండుకి తగ్గకుండా రౌండ్లు పడాలి. మధ్య విరామం నిమిషం కాకుండా అరనిమిషమే ఇచ్చే పద్ధతీ ఉంది, పోటీ రోజున నిమిషం దొరికితే పండగలా ఉంటుందని. రాత్రి తొమ్మిదికల్లా దీపాలు ఆర్పేస్తారు.

ఆగస్టు 12 తెల్లవారుజామున దీపాలు ఆర్పిన ఆ శిబిరంలో అతను లేడు. కెరెతారో నుంచి సాన్ లూయిస్ పొతోసి వెళ్ళే హైవే మీద ఉన్నాడు, తన పోర్షా 928 నడుపుతూ, ఒక్కడే. ట్రక్కులు తిరిగే రోడ్డు. ఢీకొని అక్కడికక్కడే పోయాడు. నెల్సన్ మీద గెలిచి 22 రోజులు. ఇంట్లో భార్య, ఇద్దరు పసిపిల్లలు. ఆట మానేశాక డాక్టరు చదువుతానని చెబుతుండేవాడు.

పుట్టిన ఊళ్ళోనే సమాధి చేశారు. తన పోటీ దగ్గరపడుతున్నా గోమెజ్ శిబిరం వదిలి మెక్సికో వెళ్ళి పూలు పెట్టి వచ్చాడు. ఏడాది కిందట నోటికొచ్చినట్టు మాట్లాడినవాడే.

*

నవంబరు 13న అదే సీజర్స్ ప్యాలెస్‌లో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ పద్నాలుగో రౌండులో పడి, తలలో రక్తస్రావమై, కొన్ని రోజులకి కన్నుమూశాడు. ఎదుటివాడు రే మాన్సీని. అలసిపోయిన మనిషి మెదడు ఆఖరి రౌండ్లలో దెబ్బకి తట్టుకోలేదన్న వాదన ఊపందుకుంది. సాంచెజ్ బెల్టు ఇచ్చిన డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) 1983 నుంచి టైటిల్ పోటీలు 12 రౌండ్లకి కుదించింది. మిగతా సంస్థలు కొన్నేళ్ళు తాత్సారం చేసి 80ల చివరికి అదే దారి పట్టాయి. మంచి నిర్ణయమే, పాత టేపులు చూసి నిట్టూర్చే వాళ్ళం కూడా కాదనలేం. చావెజ్ తరం పన్నెండుకి తగ్గట్టు ఇంకో లెక్క నేర్చుకుంది.

సాంచెజ్ వదిలేసిన ఫెదర్‌వెయిట్ బెల్టు ఏమైందంటే, ముందు లాపోర్తె తీసుకున్నాడు, జులైలో రాకుండా పోయిన ఆ మిరాండానే ఓడించి. 1984లో లాపోర్తె దగ్గర్నుంచి గోమెజ్ గుంజుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో ప్వెర్టోరికో వెళ్ళి గోమెజ్‌ని సొంత జనం మధ్యే పదకొండో రౌండులో పడగొట్టి నెల్సన్ పట్టుకుపోయాడు. ముగ్గురూ చావా చేతిలో ఓడినవాళ్ళే, వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు. నెల్సన్ ఆ తర్వాత పదిహేనేళ్ళకి దగ్గరగా ఆడాడు, పై తరగతిలోనూ చాంపియన్ అయ్యాడు. అతనికి పదిహేనో రౌండు మళ్ళీ ఎన్నడూ ఎదురుకాలేదు.